మూడవ కాలు

లేపాక్షి వీరభద్రాలయ మంటపం కప్పు మీద అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టే చిత్రం ఒకటి ఉన్నది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ సోదరులు కట్టించిన ఆలయమది. 2022 వరకు మన అనంతపురం జిల్లాలోనిదే. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇన్ని వందల ఏండ్లుగా ఆ అర్జునుని చేయి వణకలేదు. గత సంవత్సరం విద్యార్థులతో వెళ్ళి ఆ చిత్రాన్ని ఛాయాచిత్రం తీయబోయినప్పుడు వణికినది మా చేయి.

కళాశాల సంఘం వారు దయతో ఇచ్చిన ప్రయాణపు ఖర్చుతో మేము తీసిన 60 బొమ్మలలో గోడకు తగిలించదగినవి నాలుగైనా లేవు. వెలుతురు చాలలేదని అందరికీ సర్దిచెప్పాము. అది సగమే నిజం. మిగిలిన సగం ఇప్పుడు విన్నవించుకొంటున్నాము.

మా కుడిచేతికి చిన్న వణుకు ఉన్నది. అబ్బాజాన్‌కూ ఉండేది; ఆయన చేతిలో టీ కప్పు సాసరు మీద గలగలలాడేది. చివరి ఏండ్లలో చేతికర్ర లేనిదే గడప దాటలేదు.

వణుకు లేనివారికైనా ఆ మంటపంలో కష్టమే. 100 మిల్లీమీటర్ల కటకంతో చేత పట్టి తీయాలంటే 1/100 సెకనుకు తగ్గరాదని ఛాయాగ్రాహకుల పాత లెక్క. ఆ నీడలో అంత వేగానికి వెలుతురు అందదు. రంగుల మేలు కోరి ఫ్లాష్ వాడము. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ముందుగా అనుమతి లేనిదే ముక్కాలి స్టాండు నిలుపరాదు. ఒక విద్యార్థి మోనోపాడ్ కొనండి సార్ అన్నాడు. అంటే ఒంటికాలి కర్ర. నలభై నిండకుండానే మాకు కర్ర ఏమిటని కసురుకొన్నాము. పాపం, వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు కొంతసేపు ఆగినది. ఎండిన వేరుసెనగ చేలో ఒక గొర్రెల కాపరి కర్రను చంకకు ఆనించి, ఒక పాదాన్ని రెండవ మోకాలికి చేర్చి నిలుచున్నాడు. మన మెట్టనేలల గాలి మీకు తెలియనిది కాదు. భుజం మీది కంబళి అంచు రెపరెపలాడుతున్నది గాని మనిషి కదలలేదు. వయస్సు ఇరవైకి మించదు. బస్సు కదిలే వరకు అతణ్ణే చూస్తూ కూర్చున్నాము.

మోనోపాడ్ కొన్నాము. ఈ జనవరిలో సొంత ఖర్చుతో, ఆ విద్యార్థినే వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళాము. కాపలావారిని అడిగి, సరేనన్న తరువాతనే కర్ర విప్పాము. పక్కన వేలాడే స్తంభం కింద యాత్రికులు గుడ్డ దూర్చి లాగుతున్నారు; మా స్తంభం నేలకు ఆనినదో లేదో అన్నదే మా దిగులు.

కర్రను ముందుకు నిలిపి, రెండు కాళ్ళు వెనుకకు ఎడంగా పెట్టి, కొంచెం దాని మీదికి వాలాలి. అప్పుడు కర్ర మూడవ కాలు అవుతుంది. కప్పు చిత్రాలకు ఆ భంగిమ పనికిరాదు. బాసిపట్టు వేసుకొని కూర్చొని, కర్రను కురుచ చేసి రెండు మోకాళ్ళ నడుమ నేలకు ఆనించి, కెమెరాను పైకి వంచి, మెడ విరుచుకొని చూడాలి. ఊపిరి సగం వదిలి మీట నొక్కాలి. 1/25 సెకనుకు కూడా గీతలు స్పష్టంగా వచ్చినవి. ఒక పూర్తి సెకనుకు మాత్రం రాలేదు. ఒంటికాలు పక్కలకు ఊగుతుంది. అందుచేత ఒక్కొక్క చిత్రానికి వరుసగా మూడేసి తీసి, మంచిదానిని ఏరుకొన్నాము.

పలుచోట్ల రంగు రాలి కింది సున్నపు పూత బయటపడుతున్నది. ఎక్కడ రాలినదో, ఎక్కడ ఇంకా నిలిచినదో చెప్పగల బొమ్మలు ఈసారి పదకొండు దక్కినవి. వానిలో అర్జునుడు ఉన్నాడు. చిత్రకారుడు లాగిన వింటినారి సన్నని గీత సైతం తెలుస్తున్నది.

మోనోపాడ్ మా ఇంట్లో తలుపు వెనుక, అబ్బాజాన్ కర్ర పక్కన ఉన్నది. కావలసిన విద్యార్థులు అడిగి తీసుకొనిపోవచ్చును. తెచ్చి మళ్ళీ అక్కడనే పెట్టవలెను.