అమలాపురంలో ఒక కరెంటు లెక్క

నా సంచిలో బట్టల కంటే వైర్లే ఎక్కువ. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్న ఈఎస్‌పీ32 ప్రోగ్రామింగు బోర్డు, వైరు చుట్టూ పట్టించి వంద ఆంపియర్ల వరకు కరెంటు కొలిచే ఎస్‌సీటీ-013 క్లాంపు, వోల్టేజీ కొలవడానికి తొమ్మిది వోల్టుల ఏసీ అడాప్టరు, ఒక మల్టీమీటరు. అమలాపురంలో ఉండే మా బాబాయి టీచరుగా రిటైరైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే మీటరు రీడింగు డైరీలో రాసుకుంటారు. ఈ మధ్య యూనిట్లు పెరిగాయి. "మీటరు పరిగెడుతోందిరా, నాకు రుజువు కావాలి" అని ఫోన్లో అన్నారు. ఆ మాట మీదే బయల్దేరాను.

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దించేసరికి ఇంకా చీకటే. బస్సు జొన్నాడ దగ్గర గోదావరి దాటి రావులపాలెం చేరేటప్పటికి బాగా తెల్లారింది. అక్కడి నుంచి దారి పొడుగునా కాలవలు, కొబ్బరి తోటలు, ఆ తోటల మధ్య నుంచే పోయే కరెంటు తీగలు. గాలివాన వస్తే ఒక్క కొబ్బరి మట్ట చాలు, లైను పోవడానికి.

పిన్ని కాఫీ తెచ్చేలోపే బాబాయి డైరీ ముందు పెట్టారు. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ని పిలిపించాం. మెయిన్ స్విచ్ కట్టేసినా మీటరు వైపు వైరులో కరెంటు ఉంటుంది కాబట్టి, క్లాంపును స్విచ్ దాటాక ఫేజు వైరుకు తగిలించాడు. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టిస్తే వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది.

ఇక మా పరికరాన్ని సరిచూడాలి. బకెట్టు నీళ్లలో హీటర్ రాడ్ పెట్టాం. దాని మీద 1,500 వాట్లు అని ఉంది. అది 230 వోల్టుల దగ్గర మాట. ఆ పూట ఇంట్లో ఉన్నది 208 వోల్టులే. వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన పడిపోతాయి కనుక రాడ్ తీసుకోవలసింది 1,227 వాట్లు. ఎలక్ట్రీషియన్ టాంగ్ టెస్టర్ 5.9 ఆంపియర్లు చూపించింది. గుణిస్తే అదే 1,227. వస్తువు మీద అచ్చేసిన అంకెను నమ్మి పరికరాన్ని సరిచేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తర్వాత మీటరు వంతు. దాని మీద 3200 imp/kWh అని, అంటే యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంది. పిన్ని ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆపేసి, ఇన్వర్టర్‌తో సహా మిగతా ప్లగ్గులు తీసేసింది. బాబాయి ఎర్రలైటు ముందు నిలబడి మెరుపులు పైకి లెక్కపెడుతుంటే నేను ఫోన్లో టైము చూశాను. వంద మెరుపులకు 92 సెకన్లు. వంద మెరుపులంటే యూనిట్‌లో ముప్పై రెండో వంతు; అది 92 సెకన్లలో ఖర్చయిందంటే 1,223 వాట్లు. తేడా నాలుగే వాట్లు.

"మీటరు బాగానే ఉందండి మాస్టారూ" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట" అన్నారు బాబాయి.

మా బోర్డు మాత్రం 1,270 చూపిస్తోంది. 0.963తో గుణించేలా ప్రోగ్రాములో మార్చాను. కానీ హీటరుతో సరిచేస్తే సగం పనే. క్లాంపులో కరెంటు తరంగం, అడాప్టరులో వోల్టేజీ తరంగం కొద్దిగా జరుగుతాయి. హీటరు దగ్గర ఆ తేడా తెలియదు, మోటారు దగ్గర బయటపడుతుంది. బోరు మోటారు వేసి, మళ్లీ మెరుపులు లెక్కపెట్టి, ఫేజు సర్దుబాటు అంకె మార్చాం. చాలామంది వదిలేసే ఈ మెట్టే నా దృష్టిలో అసలైనది. ఫ్రిజ్, ఫ్యాన్లు, పంపు, ఇంట్లో అన్నీ మోటార్లే కదా!

రాత్రి అందరూ హాల్లో చేరాం. ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు ఆపేసినా మా బోర్డు లెక్క 60 వాట్ల దగ్గర కదలకుండా నిలబడింది. బాబాయి టార్చి తీసుకుని మీటరు దగ్గరకు వెళ్లారు. పంతొమ్మిది సెకన్లకొకసారి లైటు మెరుస్తోంది. లెక్క సరిపోయింది. ఇన్వర్టర్ ప్లగ్గు తీయగానే మెరుపులు ఆగిపోయాయి. ముసలిదైపోయిన బ్యాటరీ ఎంత ఛార్జి ఎక్కించినా నిండకుండా రాత్రింబవళ్లు తాగుతోంది. నెలకు 43 యూనిట్లు! మర్నాడే బ్యాటరీ మార్పించాం.

బిల్లు మీద అనుమానం ఉంటే ఫిర్యాదు రాసే ముందు మీ మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మెరుపులని ఉందో చూడండి. మిగతావన్నీ ఆపి, ఒక హీటర్ రాడ్ వేసి లెక్కపెట్టండి. మెయిన్ బోర్డు మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే తెరిపించండి.