శూర్పణఖ వంకాయ తోట

మొన్న తొమ్మిదో తరగతి పిల్లల్ని పర్ణశాల తీసుకెళ్లాం. భద్రాచలం దాటి 30 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తిరిగొచ్చాక 'మా విహారయాత్ర' అని ఇంగ్లిష్‌లో ఒక వ్యాసం రాయమన్నాను. అందరూ తెల్లవారుజామున బస్సెక్కారు, పులిహోర తిన్నారు, గోదావరి చూశారు, అలసిపోయి ఇల్లు చేరారు. నిజం చెప్పొద్దూ, దిద్దుతుంటే నాకే నిద్రొచ్చింది.

ఒక్క అమ్మాయి మాత్రం సీత చీర ఆరేసిందని చెప్పే సీతవాగు రాళ్ల మీద కాలు జారి పడిందట. కళ్లు తెరిచేసరికి తాను ఒక వీడియో గేమ్‌లో శూర్పణఖ! రెండు పేరాలు చదివి, 'విషయం వదిలేశావు' అని ఎర్ర ఇంకుతో రాసి 10కి 4 వేశాను.

మర్నాడు నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. "మేడం, చివరిదాకా చదివారా?"

చదవలేదు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని చదివాను.

ఆమె శూర్పణఖకు ముందే తెలుసు, చివరికి ముక్కూ చెవులూ పోతాయని. అందుకని రాముడి ఆశ్రమం ఛాయలకే వెళ్లదు. గోదావరి ఒడ్డున వంకాయలు, బెండకాయలు పండించి సంతలో అమ్ముకుంటుంది. ఒకరోజు లక్ష్మణుడే కూరగాయలకు వస్తాడు. "అన్నా, ఉద్దెర లేదు" అంటుంది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

ఈ ఆలోచన ఎక్కడిదని అడిగితే జపాన్ కార్టూన్ పేరు చెప్పింది. సతోరు యమగుచి రాసిన కథ అది, 2020లో టీవీలో వచ్చింది. ఎనిమిదేళ్ల కటరీనా తలకు దెబ్బ తగిలి, తాను పోయిన జన్మలో ఆడిన గేమ్‌లోని చెడ్డ పాత్రనని గుర్తుపడుతుంది. ఆ పాత్రకు దేశబహిష్కారమో చావో తప్పదు. తరిమేసినా బతకొచ్చని వ్యవసాయం నేర్చుకుంటుంది. నాకు మన ఓల్గా గారి 'విముక్త' గుర్తొచ్చింది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఆ కథల్లోనూ శూర్పణఖ అడవిలో ఓ తోట పెంచుతుంది, సీత అక్కడికే వెళ్లి ఆమెను కలుస్తుంది. జపాన్ నుంచి గోదావరి దాకా చెడ్డపేరు పడ్డవాళ్లంతా మొక్కలే నాటుతున్నారేమిటో!

"అయితే, శూర్పణఖే ఎందుకమ్మా?" అన్నాను.

"క్లాసులో శబ్దం వస్తే ముందు నా పేరే పిలుస్తారు కదా మేడం. ఆరో తరగతి నుంచీ అంతే" అంది నవ్వుతూనే.

నేనూ అలాగే పిలుస్తాను. చాలాసార్లు వెనక్కి తిరగకుండానే.

4 కొట్టేసి 8 వేశాను. స్పెల్లింగులకు 2 తగ్గించినందుకు కాసేపు వాదించింది, అది వేరే సంగతి. ఈ కథ ఇక్కడ చెప్పడానికి ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు వచ్చారు. కుర్చీలో సరిగా కూర్చోకముందే, "ఈసారి ఏం చేసింది మేడం?" అన్నారు భయంగా.

నోట్‌బుక్ తెరిచి ఆవిడ ముందు పెట్టాను.