మూరెడు ఖాళీ

నేను షోలాపూర్‌లో తెలుగు బడిలో నాలుగో తరగతి దాక చదివిన. తర్వాత మిల్లులో బదిలీ కార్మికునిగా చేరి, అక్కడే తల నెరిసింది. పోయిన ఎండకాలం కొడుకు పిలిస్తే అమెరికా పోయిన. అక్కడి పెద్ద పెద్ద భవనాల సంగతి చాలామంది రాసిన్రు. నేను ఒక చెక్క పెట్టె సంగతి రాస్తున్న. తప్పులుంటే మన్నించాలె.

కొడుకు టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ దగ్గర ఉంటడు. వాని ఉద్యోగం కంప్యూటర్ మీద. కాని సెలవు వచ్చిందంటే రంపం చేతిలో లేనిదే పొద్దు పోదు. అందుకే 8 అడుగుల తొట్టి ఉన్న పికప్ ట్రక్కు కొన్నడు. పికప్ అంటే మన టెంపో లాంటిదే, ముందు క్యాబిను, వెనక తెరిచిన తొట్టి. 8 అడుగుల ప్లైవుడ్ షీటు అందులో చాప పరిచినట్టు పండుతుంది.

నేను పోయిన నెలకు, ఎవరో ముసలి దంపతుల దగ్గర వాడు ఒక పాత క్యాంపర్ కొన్నడు. క్యాంపర్‌కు చక్రాలుండవు. అదొక చిన్న గది. లోపల పొయ్యి, సింకు, నీళ్ల ట్యాంకు, క్యాబిను మీదికి వచ్చేటట్టు పడక. నాలుగు మూలలకు జాకీలుంటయి. జాకీలు పైకి లేపి, ట్రక్కును వెనక్కి దాని కిందికి పోనిచ్చి, మళ్లీ జాకీలు దింపితే గది తొట్టిలో కూర్చుంటుంది. పిల్లలను తీసుకొని ఎక్కడికైనా పోవచ్చు. లాడ్జి ఖర్చు లేదు. అమ్మినవాళ్లే తమ ట్రక్కు మీద తెచ్చి, ఇంటి ముందట జాకీల మీద నిలబెట్టి పోయిన్రు.

వాళ్ల ట్రక్కు తొట్టి ఆరున్నర అడుగులది. క్యాంపర్ దానికోసం చేసిందే. మావాడు, "పొట్టిది పొడుగు దాంట్ల పట్టదా బాపు? పెద్ద గిన్నెల చిన్న గిన్నె పెట్టినట్టే కద" అని నవ్విండు. మాట కొంత నిజమే. పొడుగు క్యాంపర్‌ను పొట్టి తొట్టిలో పెడితే బరువంతా వెనక్కి వేలాడుతుంది. దానికంటే ఇది మేలే.

కాని కూర్చోబెట్టినంక నేను చుట్టూ తిరిగి చూసిన. క్యాంపర్ వెనక రెండు పక్కల సామాన్ల పెట్టెలు తొట్టి చివర దాటి కిందికి దిగి ఉన్నయి. ఇంకా ముందుకు నెడితే అవి తొట్టి మూలలకు, ఎర్ర దీపాలకు తగులుతయి. అందుకే క్యాంపర్ ముందుకు పోదు. తొట్టి ముందు గోడకు, క్యాంపర్‌కు నడుమ మూరెడు ఖాళీ.

"కొడుకా, ముందట ఖాళీ ఉన్నది" అన్న.

"నాలుగు మూలల గొలుసులు కట్టి మరలు బిగిస్తం బాపు. ఏం కాదు. నువ్వు ఊకో, నేను వీడియోలు చూసిన."

ఊకున్న. వానిల్లు, వాని బండి, వాని దేశం. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనవరాలు, మనవడు ఆ బండిలనే పోవాలె.

నిద్ర పట్టకపోవడానికి పాత కారణం ఒకటి ఉన్నది. 1984లో నేను సైజింగ్ ఖాతాలో ఉన్న. ఒక రోజు పొడుగు భీములు మోసే ట్రాలీ మీద పొట్టి సాంచా భీము నిలువుగా ఎక్కించిన్రు. ముందట మూరెడు ఖాళీ. అక్కడ అడ్డం చెక్క పెట్టాలె. పెట్టలేదు, తాడుతో కట్టిన్రు. నేను చూసిన. పాళీ మారే టైము, జాబర్ తొందర పెడుతున్నడు. నోరు తెరిస్తే తిడతడని ఊకున్న. వాలు దిగేటప్పుడు ట్రాలీ చక్రం గుంతలో పడి ఆగింది. భీము ఆగలేదు. ముందుండి గుంజుతున్న మనిషి, నాకు వరుసకు బావ, ఆయన కుడికాలు మీద పడ్డది. దవాఖానలో రెండు వేళ్లు తీసేసిన్రు. నేను చూసిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

పొద్దున లేవంగనే కొడుకుకు ఈ కథంతా చెప్పిన. వాడు ఇంతకుముందు వినలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత టేపు తెచ్చిండు. మనవరాలు ఒక కొస పట్టుకున్నది. ఖాళీ 18 అంగుళాలకు కాలు అంగుళం తక్కువ. గొలుసులు క్యాంపర్‌ను ఎగరకుండ, పక్కకు పోకుండ పట్టుకుంటయి. కాని గట్టిగ బ్రేకు వేసినప్పుడు ముందుకు వచ్చే బరువును ముందు గోడ ఆపాలె. మా బండిలో ఆ గోడ దూరమైంది. దాన్ని దగ్గరికి తేవాలె, అంతే.

రెండు అంగుళాలు నాలుగు అంగుళాల కట్టెలతో చట్రం కట్టి, రెండు దిక్కుల ప్లైవుడ్ కొట్టి పెట్టె చేసినం. దాన్ని తొట్టిలో ముందు గోడకు ఆనించి, కదలకుండ బోల్టులు వేసినం. కింద రబ్బరు చాప పరిచినం. ఉత్త ఇనుము మీద క్యాంపర్ జారుతుంది, రబ్బరు మీద జారదు.

ఇంకో సంగతి కొడుకే చెప్పిండు. క్యాంపర్ పక్కన బరువు నడిమి చోటు చూపే గుర్తు ఉంటుంది. అది వెనక చక్రం ఇరుసుకు ముందే ఉండాలె. వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. కొలిస్తే మాది 2 అంగుళాలు ముందున్నది. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు చట్రం మీద రాసి ఉంటుంది. క్యాంపర్, నీళ్లు, సామాను, మనుషులు అన్నీ అందులోనే లెక్క. నీళ్లు లీటరుకు కిలో. అందుకని ట్యాంకు సగమే నింపినం.

వారం తర్వాత బయలుదేరినం. అందరం ట్రక్కు క్యాబినులోనే కూర్చున్నం. చీకటి పడుతుంటే ఒక జింక రోడ్డుకు అడ్డం ఉరికింది. కొడుకు బ్రేకు తొక్కిండు. వెనక నుంచి కట్టె ఒక్కసారి కిర్రుమన్నది. అంతే. జింక పోయింది. వాడు బండి పక్కకు ఆపి, టార్చి పట్టుకొని దిగి తొట్టిలోకి చూసిండు. వచ్చి కూర్చొని, "కదలలేదు బాపు" అన్నడు. మళ్లీ బండి తీసేదాక స్టీరింగు మీద వాని చేతులు వణుకుతనే ఉన్నయి.

షోలాపూర్ వచ్చినంక బావ ఇంటికి పోయిన. అక్క బీడీలు చుట్టుకుంట చాయ్ పెట్టడానికి లేచింది. తెచ్చిన చాక్లెట్లు ఇచ్చి, ఇన్నేండ్లు దాచుకున్న మాట చెప్పిన. "బావా, ఆ రోజు భీము ముందట ఖాళీ నేను చూసిన. జాబర్‌కు భయపడి చెప్పలేదు."

బావ తన కాలు దిక్కు చూసుకున్నడు. "నేను సుత చూసిన బామ్మర్ది. చెక్క కోసం వెతుకుకుంట నిలబడితే ఆ పూట పగార్ కోస్తరనుకున్న" అన్నడు.

ఇద్దరం చూసినం. ఇద్దరం ఊకున్నం. అక్క తెచ్చిన చాయ్ చాలాసేపు ఎవరం ముట్టలేదు.

మన పిల్లలు ఇప్పటికీ సాంచాల దగ్గర, ట్రాలీల దగ్గర పని చేస్తున్నరు. వాళ్లకు నా మాట ఒకటే. ఖాళీ కనబడితే ముందు చెక్క పెట్టండి. తిట్లు తర్వాత పడవచ్చు.