నలుగురి డబ్బు, ఒక కంప్యూటరు

2023 మార్చి నెలాఖరుకు మా నలుగురి దగ్గర పోగైన డబ్బు 34,000 రూపాయలు. అందులో 7,000 కోసిగి వాడి అమ్మానాయన గుంటూరు పక్క మిరపకాయలు కోసి పంపినవి. 9,000 మైదుకూరు వాడి అమ్మ పొదుపు సంఘంలో తీసిన అప్పు. 10,000 బేతంచెర్ల వాడి నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో అడ్వాన్సు అడిగి తెచ్చినవి. మిగతా 8,000 ఆదోని వాడు సెలవుల్లో పత్తి మిల్లులో లెక్కలు రాసి సంపాదించుకున్నవి. హాస్టల్లో ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం కాబట్టి ఇక్కడా అవే రాస్తున్నాం. నాలుగిళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. చదివేది కంప్యూటర్సే గానీ, కంప్యూటరు ముందు కూర్చునేది వారానికి రెండు గంటలు, అదీ ఒకదానికి ముగ్గురం.

అంత డబ్బు చేతిలో ఉంటే సంతోషపడాలి. మేము భయపడ్డాం. ఎందుకో చెప్పాలంటే అంతకు ముందు ఏడాది సంగతి చెప్పాలి.

2022లో ఒక దుకాణంలో 7,500కు పాత కంప్యూటరు కొన్నాం. దాని పవర్ సప్లై, మనవాళ్లు ఎస్‌ఎంపీఎస్ అంటారే ఆ డబ్బా, క్యాబినెట్‌తో పాటు ఉచితమన్నారు. ఒక సాయంత్రం కరెంటు పోయి మళ్లీ వచ్చింది. టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఆ డబ్బా తాను పోతూ మదర్‌బోర్డునూ హార్డ్ డిస్కునూ వెంట తీసుకుపోయింది. కోసిగి వాడి ప్రాజెక్టంతా అందులోనే ఉండింది. ఆ రాత్రి వాడు మెస్సుకు రాలేదు.

కర్నూలులో రిపేరు చేసే అన్న ఒకాయన ఆ డబ్బా మా చేతిలో పెట్టి "బరువు చూడండప్పా" అన్నాడు. ఖాళీ డబ్బా ఎత్తినట్టే ఉంది. లేబుల్ మీద 450 వాట్లని పెద్దక్షరాలు. కింద 12 వోల్టుల గడిలో మాత్రం 16 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 192. ప్రాసెసరు వాడుకునేది ఆ 12 వోల్టుల లైనునే కాబట్టి నమ్మవలసింది ఆ చిన్న గడినే. ఈ లెక్క ఇంటర్ ఫిజిక్సులోనే చదివాం. లేబుల్ మీద ఉంటే గుర్తుపట్టలేదు!

అందుకే ఈసారి రఫ్ నోట్సులో మొదటి పేజీ ఎస్‌ఎంపీఎస్‌కు, రెండో పేజీ యూపీఎస్‌కు ఇచ్చాం. మన హాస్టల్లో సాయంత్రమయితే ట్యూబులైటు వెలగడానికి ఎంత తంటాలు పడుతుందో మీకు తెలియనిది కాదు. వోల్టేజి తగ్గితే తనే కొంత పెంచి ఇచ్చే ఏర్పాటున్న యూపీఎస్ కావాలి. ఆదోని వాడు మాత్రం గ్రాఫిక్స్ కార్డు కావాలని, రంగు లైట్ల క్యాబినెట్ కావాలని రెండు రోజులు అలిగాడు. "ఆ లైట్లతో సి ప్రోగ్రాము రాస్తావా ఏమిరా?" అని మైదుకూరు వాడు. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసరు తీసుకుంటే కార్డు డబ్బు మొత్తం మిగులుతుంది. అలా రైజెన్ 5 5600జి ఖాయమయింది. తమ్ముళ్లూ, చివరి 'జి' చూసుకోండి. ఉత్త 5600 కొంటే విడిగా కార్డు లేకుండా తెర మీద బొమ్మే రాదు. ఇంటెల్ వాటిలో చివర 'ఎఫ్' ఉన్నవీ అంతే. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక ఒకే 16 జీబీ బదులు 8 జీబీవి రెండు వేస్తే రెండు దారులు దొరికి వేగం పెరుగుతుంది.

తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఇద్దరమే పోయాం, ఛార్జీలు మిగులుతాయని. ప్రాసెసరు 11,200, బి450 మదర్‌బోర్డు 5,900, ర్యామ్ 3,400, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,700, ఎస్‌ఎంపీఎస్ 3,300, లైట్లు లేని క్యాబినెట్ 1,900, యూపీఎస్ 2,900. మొత్తం 31,300. పాత మానిటరు బతికే ఉంది. ప్రతిదానికీ బిల్లు అడిగి తీసుకున్నాం.

మర్నాడు రాత్రి గదిలో దుప్పటి పరిచి, వీడియో చూసుకుంటూ బిగించాం. పన్నెండు దాటాక స్విచ్చి వేశాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ర్యామ్ తీసి వేశాం, వైర్లన్నీ పీకి పెట్టాం, అంతే. ఎవరమూ మాట్లాడలేదు. మిరపకాయలు, నాపరాళ్లు, పొదుపు సంఘం, అన్నీ ఆ నల్ల తెరలోనే కనిపించాయి. కోసిగి వాడు "మా నాయనకు చెప్పొద్దండిరా" అన్నాడు.

తెల్లారి బోర్డు ఎత్తుకుని ఆ రిపేరు అన్న దగ్గరికే పోయాం. ఆయన అట్టపెట్టె తిప్పి చూశాడు. "కాలిపోలేదులే అప్పా. ఈ బోర్డు పాత స్టాకు. దీనికి మీ ప్రాసెసరు ఎవరో తెలీదు." రైజెన్ 5000 రకాలకు సిద్ధమని పెట్టె మీద స్టిక్కరు ఉండాలట. మాదాని మీద లేదు. నోట్సులో పదకొండు పేజీలు రాసుకున్న మేము ఈ ఒక్కటి రాసుకోలేదు. తన దగ్గరున్న పాత రైజెన్ పెట్టి, బయోస్ మార్చి, మా ప్రాసెసరు తిరిగి బిగించాడు. తెర వెలిగింది. 300 తీసుకుని టీ తాగించాడు.

ఆ కంప్యూటరు మీదే ప్రాజెక్టులు చేశాం, పీజీ ప్రవేశ పరీక్షకు చదివాం. పేజీ పది రూపాయలకు రికార్డులు టైపు చేసి పదకొండు నెలల్లో మైదుకూరు వాడి అమ్మ అప్పు తీర్చాం. మాలో ఇద్దరం ఇప్పుడు కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాం. కంప్యూటరు హాస్టల్లోనే వదిలి వచ్చాం.

మొన్న ఒక తమ్ముడు ఫోను చేశాడు. ర్యామ్ 32 చేద్దామా అన్నా అని. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎట్లా పెరిగాయో చెప్పి ఆగమన్నాం. శబ్దం ఎక్కువొస్తోందన్నాడు. ఎండాకాలం దుమ్ము కదా, మూత విప్పి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులపమన్నాం.

"బ్రష్షు యాడుందన్నా?"

"అల్మరా పైన, బిల్లుల కవరు కింద."