పెటాఫ్లాప్ డబ్బా, మా నానమ్మ తొమ్మిది గంటలు



2025 జనవరిలో ఎన్విడియా వాళ్లు చూపించిన చిన్న డబ్బా మీద మా హాస్టల్ గదిలో పంచాయితీ నడుస్తున్నది. అప్పుడు ప్రాజెక్ట్ డిజిట్స్ అన్నారు, మార్చిలో డీజీఎక్స్ స్పార్క్ అని పేరు మార్చారు. అప్పటికి ఇంకా ఎవరి చేతికీ రాలేదు. టేబుల్ మీద పట్టే దాంట్లో ఒక పెటాఫ్లాప్, అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు! "కాలేజీ ల్యాబు మొత్తం దీని ముందు దండగరా" అంటాడు మా రూమ్మేట్.

నాకెందుకీ ఆరాటం అంటే, దండారి రోజుల్లో మా నానమ్మ చెప్పిన కథలు తొమ్మిది గంటలు ఫోన్లో ఉన్నాయి. అంతా గోండి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లం దాదాపు 30 లక్షలు. అయినా విస్పర్‌కు వచ్చిన 99 భాషల్లో తెలుగు ఉంది, గోండి లేదు. దానికి మనమే నేర్పుదామని కూర్చున్నా. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్. నెట్‌లో ఫ్రీగా ఇచ్చే మెషిన్ ఎక్కితే, అర్ధరాత్రి సగం ట్రైనింగ్‌లో తెగిపోతది. మళ్లీ మొదటికి.

అందుకే కాగితం మీద లెక్క వేసిన. ఆ పెటాఫ్లాప్ నాలుగు బిట్ల అంకెలతో వచ్చేది, అదీ సున్నాలను దాటేసే స్పార్సిటీ కలిపి. ట్రైనింగ్‌కు వాడేది పదహారు బిట్లు. స్పార్సిటీ తీసేస్తే సగం, ఎనిమిది బిట్లకు ఇంకో సగం, పదహారుకు ఇంకో సగం. అంటే వెయ్యి టెరాఫ్లాప్‌లు కాస్తా 125 దగ్గర ఆగుతాయని నా అంచనా. ఇంకోటి, మెమరీ వేగం సెకనుకు 273 జీబీ. గేమింగ్ కార్డు 4090కే 1,008 ఉంది. గిర్ని పెద్దదే గాని జొన్నలు పోసే మూతి సన్నది.

ఈ లెక్క చెప్తే మావాడు రెండు రోజులు మాట్లాడలే.

కానీ నేను దాన్ని తీసిపారేయను. విస్పర్ పెద్ద మోడల్‌లో పారామీటర్లు 155 కోట్లు. ఒక్కోదానికి ట్రైనింగ్‌లో దాదాపు 16 బైట్లు అనుకున్నా 25 జీబీ. దాని మీద ఆడియో. ఇక్కడ 128 జీబీ ఉంది. నిదానంగానైనా పని పూర్తయ్యేదాకా నడుస్తది, నడిరాత్రి ఎవరూ తెంపరు. నాకు కావాల్సింది అదే. దీని పెద్దన్న డీజీఎక్స్ స్టేషన్‌కు 2025లో ప్రకటించినప్పుడు 784 జీబీ, 20 పెటాఫ్లాప్‌లు అన్నారు. దాని ధర అడిగే ధైర్యం కూడా మనకొద్దు. స్పార్క్‌కే 2025లో 3,999 డాలర్లు అన్నారు, మన డబ్బుల్లో మూడు లక్షల పైనే. మా ఇంట్ల పత్తి పైసలు ఎన్నేండ్లవి కలిపితే అంత అయితదో!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలె. ఆ తొమ్మిది గంటల్లో మాట మాటకూ రాసిపెట్టింది నలభై నిమిషాలే. డబ్బా రేపే వచ్చినా పెట్టడానికి నా దగ్గర ఉన్నది అంతే. కొన్ని పాత మాటలు నాకే అర్థం కావు, నానమ్మను అడగాలె. ఆమెకు ఈ మధ్య చెవులు సరిగ్గా వినిపిస్తలేవు.

వచ్చే వారం ఊరికి పోతున్న. ఉట్నూరు, నార్నూరు వైపు గోండి విని తెలుగు లిపిలో రాయగలిగేవాళ్లు ఉంటే మెసేజ్ పెట్టండి. తలా అరగంట ఆడియో పంపిస్తా.