సంచిలోని చీకటిగది

ఇంటికి ఒక వస్తువు కొనవలసి వచ్చినప్పుడు మనవారు సాధారణముగా "ఏది మంచిది?" అని అడుగుదురు. "మనకు దానితో ఏమి పని యున్నది?" అని ముందుగా విచారించువారు అరుదు. బియ్యము కొనునప్పుడు మనకీ వివేకము లేకపోలేదు. అన్నమునకొక రకమును, పిండివంటకొక రకమును ఎంచుకొనుచునే యున్నాము. కంప్యూటరు కొనునప్పుడు మాత్రము ఆ వివేకమును ఇంటివద్దనే విడిచి అంగడికి పోవుచున్నాము.

మేము నారాయణపేటలో ఉపాధ్యాయులము. సెలవుదినములయందు కెమెరాను భుజమునకు తగిలించుకొని మగ్గముల యిండ్లకును, కృష్ణాతీరపు గ్రామములకును పోవుట మాకు చిరకాలపు అలవాటు. తీసిన చిత్రములను ప్రయాణమందే సరిదిద్దుకొనుటకై ఒక ల్యాప్‌టాపు కొనవలెనని తలచినప్పుడు మా యింటివారు, "ఇంటిలో ఒక కంప్యూటరు ఉన్నది గదండీ! ఊరినుండి వచ్చిన తరువాత దిద్దుకొనరాదా?" అని అడిగిరి. జీతపురాళ్లతో జరుగు సంసారమున ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సరియైన ఉత్తరము లేనిచో ఆ వస్తువు కొనదగినది కాదు. ఆ ఉత్తరమును వెదకుకొనుచు మేము గ్రహించిన సంగతులనే యిచ్చట వ్రాయుచున్నాము.

ఛాయాచిత్రకళ పుట్టిన తొలిదినములలో ఈ ప్రశ్నకు తావే లేకుండెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావకములో ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి, యారకమునుపే కడుగవలెను. కావున చిత్రకారుడు పోయినచోటికెల్ల చీకటిగుడారమును, మందుసీసాలును, నీరును వెంట పోవలసినదే. 1860ల దశకములో హిమాలయములకు బోయిన సామ్యూల్ బోర్ను వెంట ఈ సామగ్రిని మోయుటకు పదులకొలది కూలీలు నడచిరి. మన మహబూబ్‌నగరునకు ఎవరివలన పేరు వచ్చెనో ఆ యారవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆస్థానమున ఛాయాచిత్రకారుడై వెలసిన రాజా దీనదయాళు (1844–1905) సైతము గాజుపలకల బరువెరిగినవాడే.

ఎంత కష్టమున్నను ఆ గుడారమువలన ఒక మేలుండెను. చిత్రము చెడినచో అప్పుడే తెలిసెడిది. కొండయు, మనిషియు ఎదుటనే యుండుటచేత మరల తీయుటకు వీలుండెను. 1871లో రిచర్డు మాడక్సు జెలటిను పొడిపలకను ప్రకటించిన పిమ్మట పలకలను నిదానముగా కడుగుకొను వీలు కలిగి, క్రమముగా చీకటిగది ఇంటికి చేరెను. బరువు తగ్గినది, గాని చూచిన వస్తువునకును దిద్దు చిత్రమునకును నడుమ దినములు, మాసములు వచ్చి చేరినవి.

"నేటి కెమెరా వెనుక తెరమీద చిత్రము వెంటనే కనబడుచున్నది గదా!" యని చదువరు లనవచ్చును. ఆ మూడంగుళముల తెర చిత్రము వచ్చినదని చెప్పును గాని, నిజముగా వచ్చినదో లేదో చెప్పజాలదు. ఇందుకొక నిదర్శనము. ఒకనాడు మిత్రునియొద్ద ఎరవు తెచ్చిన ల్యాప్‌టాపుతో మా పట్టణమున ఒక నేతవారి యింటికి పోయియుంటిమి. ఒక్క పడుగుమీద ఎనిమిది పట్టుచీరలు నేయుట ఇచ్చటి పద్ధతి. ఆ యింటి యిల్లాలు అప్పుడే దించిన చీర నొకటి పరచి చూపెను. కిటికీ వెలుగు ఒకప్రక్క, దీపపు వెలుగు మరియొకప్రక్క. ఈ రెంటి నడుమ కెమెరా తనకు తోచిన వెలుగును ఊహించుకొని చిత్రము తీసెను. దానిని తెరమీద చూచి ఆమె, "సారూ, ఇది మా చీరె కాదు. మా చీరె కుంకుమ లెక్క ఉంటది, ఇది ఇటుక లెక్క ఉన్నది" అనెను.

చీరను తీసి కిటికీ వెలుగులో తెరప్రక్కన పెట్టి, వెలుగు లెక్కను కొంచెము కొంచెముగా మార్చుచు పోగా, కొంతసేపటికి ఆమె, "ఇగో, ఇప్పుడైంది మా చీరె" అనెను. ఈ పనియే ఇంటికి వచ్చి చేసినచో మాకు సాక్షి యెవరు? రంగు జ్ఞాపకమున నిలుచునది కాదు. ఆ పూట కుంకుమవలె దోచినది మూడుదినములకు దానిమ్మవలె దోచును. నేడు నేతచీరలు ఫోనులలోని చిత్రములు చూచి కొనబడుచున్నవి. చిత్రములోని రంగు వేరు, చేతికి వచ్చిన రంగు వేరైనచో కొన్నవారు చీరను త్రిప్పిపంపుదురు. అపరాధము చిత్రముది, నష్టము మగ్గముది.

గళ్లచీరలకు ఇంకొక చిక్కు కలదు. సన్నని నేతగళ్లు కెమెరా గ్రాహకములోని గడులతో కలిసినప్పుడు బట్టలో లేని అలలు చిత్రములో పుట్టును. దీనిని మోరే యందురు. పెద్దతెరమీద చిత్రమును పూర్తి పరిమాణమున చూచినగాని ఇది నిశ్చయముగా తెలియదు. తెలిసినచో రెండడుగులు జరిగి, కోణము మార్చి మరల తీసికొనవచ్చును. ఇంటికి వచ్చినపిమ్మట తెలిసిన ఫలమేమి? మా యింటివారి ప్రశ్నకు మాకు దొరికిన యుత్తర మిదియే: వస్తువు ఎదుట నుండగా దిద్దుకొనదలచినవారికే ప్రయాణపు కంప్యూటరు అవసరము. తక్కినవారికి ఇంటిలోనిది చాలును.

ఈ యుత్తరము దొరకిన తరువాత ఎంపిక సులభమైనది. మొదట విచారింపవలసినది తెర. చౌక ల్యాప్‌టాపులలో పెక్కింటి తెరలకు "45 శాతము ఎన్.టి.ఎస్.సి." అని యుండును. అట్టి తెర సామాన్య వ్యవహారమునకు ప్రమాణమైన ఎస్.ఆర్.జి.బి. రంగులలో ఇంచుమించు మూడింట రెండువంతులు మాత్రమే చూపగలదు. ముదురు ఎరుపులు దానిమీద వాడిపోవును. ఫోనులలోను, కంప్యూటర్లలోను చూపు చిత్రములకు ఎస్.ఆర్.జి.బి. నూరుశాతము చూపు తెర చాలును. మేలైన అచ్చుపని చేయువారు అంతకంటె విశాలమైన అడోబీ ఆర్.జి.బి.ని కోరవచ్చును. వసారాలో కూర్చుండి పనిచేయుటకు 400 నిట్ల వెలుగును, ప్రతిబింబములు పడని గరుకుతెరయు మేలు.

ఒక అంగడిలో ఈ ప్రశ్న అడుగగా వర్తకుడు, "కోటి అరువదియేడు లక్షల రంగులు వస్తవి సార్!" అని చెప్పి, ఆటలకై చేసిన యంత్ర మొకటి తెచ్చి పెట్టెను. దాని మీటలక్రింద ఇంద్రధనుస్సు వెలుగుచుండెను. బరువు రెండున్నర కిలోలు. ఆయన చెప్పిన లెక్క అబద్ధము కాదు. గాని నిచ్చెనకు మెట్లెన్ని యున్నవో చెప్పినంతమాత్రమున అది మిద్దెకు అందునో లేదో తెలియదు గదా! మాకు కావలసినది మెట్ల సంఖ్య కాదు, అందు ఎత్తు.

రెండవది జ్ఞాపకశక్తి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 14 బిట్ల ముడిచిత్రమును కుదింపక దాచినచో ఒక్కొక్కటి 42 మెగాబైట్లగును. అందు ఒక్కొక్క వర్ణమునకు 16,384 అంతరములు. సామాన్యపు జేపెగ్ చిత్రమున 256 మాత్రమే. దిద్దుబాటుకు ఈ విరివి యవసరము. ఒకదినమున 500 చిత్రములు తీసినచో 21 గిగాబైట్లు నిండును. కావున 16 గిగాబైట్ల ర్యామును, 512 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.యు కనీసముగా నెంచితిమి. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములు లేవు గనుక బస్సుల కుదుపులకు ఓర్చును. దానికి తోడు ఒక చిన్న బయటి డిస్కు వేరుసంచిలో నుండవలెను. ఒక సంచి పోయినను రెండవప్రతి మిగులును.

మూడవది బ్యాటరీ. మా జిల్లాలోని ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాకెక్కినవి. అందొక రాతిమీద సప్తర్షిమండలముగా గుర్తింపబడిన చిన్న గుంటలు కలవు. ఏటవాలు వెలుగున నీడలు పడినప్పుడే అవి చక్కగా గోచరించును. నడిమధ్యాహ్నమున రాతిలో కలిసిపోవును. కావున ఉదయమున తీసిన చిత్రములను అచ్చటనే పరీక్షించి, లోపమున్నచో సాయంకాలము మరల తీయవలెను. ఆ రాళ్లనడుమ కరెంటు ప్లగ్గు లుండవు. 60, 70 వాట్-అవర్ల బ్యాటరీయు, ఫోనువలె యు.ఎస్.బి.-సి ద్వారమున పవర్‌బ్యాంకుతో నింపుకొను వీలును మాకు వర్తకుని ఇంద్రధనుస్సుకంటె విలువైనవి. విమానయానము చేయువారు 100 వాట్-అవర్లకు మించినదానికి ముందుగా అనుమతి పొందవలెనని యెరుగవలెను. వేసవి యెండలో సన్నని యంత్రములు వేడెక్కి తామే వేగము తగ్గించుకొనును. వేపచెట్టు నీడకంటె దానికి మంచి మందు లేదు.

ఇంతవరకు యంత్రమును గూర్చి చెప్పితిమి. దానిని ఉపయోగించు చేతినిగూర్చి యొకమాట. ఒక గ్రామమున ఒక తండ్రి తన కుమార్తె ఛాయాచిత్రమును పెండ్లివారికి పంపవలెననియు, "మొఖం జర తెల్లగ చెయ్యుండ్రి సారూ" అనియు మమ్ము కోరెను. అది యంత్రమునకు అరనిమిషపు పని. ఆ బాలిక ప్రక్కనే కూర్చుండి తెరను చూచుచుండెను, ఏమియు పలుకలేదు. చీర రంగు తప్పెనని నేతగత్తె నిర్భయముగా చెప్పినది. తన ముఖపు రంగు తప్పింపబడుచుండగా ఈ పిల్ల చెప్పజాలకపోయెను. మేము వెలుగును మాత్రము సరిచేసి, చామనచాయను చామనచాయగానే యుంచి, "ఇది మీ అమ్మాయి, ఇట్లు చూచి వచ్చినవారే మీకు కావలసినవారు" అని చెప్పితిమి. తండ్రికి అంతగా రుచించలేదు. పిల్ల మాత్రము ఆ చిత్రమును తన ఫోనునకు పంపుమని అడిగి తీసికొనినది. చీరకు ఒక ధర్మము, ఆడపిల్లకు ఒక ధర్మము ఉండరాదు. దిద్దుట యనగా ఉన్నదానిని ఉన్నట్లు కనబడజేయుట.

తుదకు మేము కొన్నది పదునాలుగంగుళముల తెరయు, ఒకటింబావు కిలో బరువును గల సామాన్యపు యంత్రము. చూచినవారెవ్వరును దానిని మెచ్చుకొనలేదు. దానిని తీసికొని అంగడికి పోవునప్పుడు ఒక కాగితముమీద మా పనులను ముందుగా వ్రాసికొని పోతిమి. అందు లేనిదానికి రూపాయి చెల్లింపలేదు. మా సోదర కుటుంబములవారును ఆ కాగితమును ముందు వ్రాసికొందురుగాక. ఇప్పుడు మేము ఏ యింట చిత్రము తీసినను, దిద్దినదానిని ఆ యింటివారికి చూపి, వారు ఔనన్న పిమ్మటనే సంచి సర్దుకొనుచున్నాము.