సాదా బండి

విలువైన దానిని మనిషి దాచుకుంటాడు. నిత్యం వాడే దానిని అరగదీసి పారవేస్తాడు. అందుకే రాజుల కిరీటాలు ప్రదర్శనశాలల్లో భద్రంగా ఉన్నాయి గాని, ఆ రాజ్యాలలో పొలం దున్నిన రైతుల నాగళ్లు మనకు మిగలలేదు. పట్టుచీర పెట్టె అడుగున మూడు తరాలు నిలుస్తుంది. రోజూ కట్టిన నేతచీర చివరకు మసిగుడ్డ అవుతుంది. ఇది లోకసహజం. ఇందుకు ఎవరినీ నిందించనక్కర లేదు. అయితే అమెరికాలో 1960ల నాటి మోటారు కార్ల విషయంలో ఈ లోకరీతి ఒక వింత మలుపు తిరిగింది. అరిగిపోయినవీ తుప్పుపట్టినవీ పోగా, మిగిలిన సాదా బండ్లు కూడా అక్కడ నానాటికీ మాయమవుతున్నాయి. వాటిని నిర్లక్ష్యం చేయటం అందుకు కారణం కాదు. ఎంతో శ్రద్ధతో, ఎంతో ధనం వెచ్చించి, వాటికి గొప్ప బండ్ల వేషం వేస్తున్నారు. కారణం అదే.

ఈ సంగతి తెలియాలంటే కొంత పూర్వకథ చెప్పాలి. 1964లో పాంటియాక్ సంస్థ జి.టి.ఓ. అనే పేరుతో ఒక కారును విపణిలోకి తెచ్చింది. మధ్యరకం కారులో, పెద్ద కార్లకు వాడే 389 ఘనపుటంగుళాల వి-8 ఇంజనును బిగించటమే అందులోని కిటుకు. మధ్యరకం కార్లలో అంత పెద్ద ఇంజను పెట్టరాదని మాతృసంస్థ జనరల్ మోటార్స్ ఒక నియమం పెట్టుకొని ఉన్నది. జాన్ డిలోరియన్ మొదలైన పాంటియాక్ ఇంజనీర్లు ఆ నియమాన్ని తెలివిగా దాటారు. దానిని కొత్త కారు అనలేదు. అప్పటికే ఉన్న కారుకు సుమారు 295 డాలర్ల అదనపు సదుపాయంగా జాబితాలో చేర్చారు. మొదటి సంవత్సరమే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. ఇక పోటీ మొదలైంది. ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్, ప్లిమత్ సంస్థలు ఒకదానిని మించి ఒకటి ఇంజన్ల బలం పెంచుకుంటూ పోయాయి. ప్లిమత్, డాడ్జ్ కార్లలోని 'హెమీ' ఇంజను 425 అశ్వశక్తి గలదని ఆ సంస్థలు ప్రకటించాయి. కండలు తిరిగిన కార్లు అనే అర్థంలో వీటికి 'మజిల్ కార్లు' అని పేరు స్థిరపడింది. ఆ వైభవం ఎంతో కాలం సాగలేదు. 1970 నాటి వాయుకాలుష్య నిరోధక చట్టం, యువకుల కార్లపై బీమా సంస్థలు పెంచిన రుసుములు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి దానికి తెరదించాయి.

పట్టుమని పదేళ్లు లేని ఈ కాలాన్ని తలచుకొన్నప్పుడు, ఆనాడు అమెరికాలో ప్రతి ఇంటి ముందూ ఒక సింహం గర్జించేదని నేటివారికి అనిపిస్తుంది. వాస్తవం వేరు. అవే కార్లను అత్యధికులు చిన్న ఇంజనుతో, తక్కువ ధరకు కొనుక్కున్నారు. చూపులకు అదే కారు. లోపల మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడే సౌమ్యమైన యంత్రం. 1967 సంవత్సరపు షెవర్లే కమేరోను చూడండి. ఆ ఏడాది తయారైనవి 2,20,906. వాటిలో 58,808 కార్లు ఆరు సిలిండర్ల ఇంజను గలవి. పందేల కోసం ప్రత్యేకంగా రూపొందించిన జెడ్/28 కార్లు కేవలం 602. అంటే ప్రతి జెడ్/28కూ తొంభైకి పైగా ఆరు సిలిండర్ల కార్లు వీధుల్లో తిరిగాయి. ఇప్పుడు పాత కార్ల ప్రదర్శనకు వెళ్లి చూస్తే ఈ నిష్పత్తి తలకిందులైనట్లు తోస్తుంది. చారలు తీర్చిన జెడ్/28లు, వాటి నకళ్లు వరుసలు కట్టి ఉంటాయి. ఆరు సిలిండర్ల బండి కోసం వెతుక్కోవాలి.

'బలహీనమైనది' అని వారు తేలికగా తీసివేసే ఆ ఆరు సిలిండర్ల ఇంజను 3.8 లీటర్లది, దాని శక్తి 140 అశ్వశక్తులు. మన అంబాసిడర్‌ను ఏళ్ల తరబడి నడిపిన ఇంజను ఒకటిన్నర లీటర్లది. ఇంటిల్లిపాదినీ, పైన సామాను మూటలనూ, ఒక్కొక్కప్పుడు పెళ్లివారందరినీ అదే మోసింది! బలం, బలహీనత అనేవి ఎవరి పక్కన నిలబెట్టి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటాయి.

సాదా బండి ఎందుకు మాయమవుతున్నది? లెక్క చాలా సులభం. యాభై ఏళ్లు దాటిన కారును పూర్తిగా బాగుచేయించటానికి తుప్పు తీయాలి, రేకు మార్చాలి, రంగు వేయాలి, సీట్లు కుట్టించాలి. లోపల ఉన్న ఇంజను చిన్నదా పెద్దదా అన్న దానితో ఈ ఖర్చులకు సంబంధం లేదు. బాగుచేసి అమ్మబోతే మాత్రం రెండింటి ధరలకూ పొంతన ఉండదు. 1971 నాటి ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అటువంటి కార్లు ఆ ఏడాది తయారైనవే డజనుకు మించవు. అసలుది దొరకదు, దొరికినా కొనలేము. కాబట్టి అదే అచ్చులో పోసిన సాదా బండిని తెచ్చి, పెద్ద ఇంజను బిగించి, చారలు గీసి, బిళ్లలు అతికిస్తారు. అలా పుట్టిన దానిని 'నకలు' అంటారు. మర్యాదగా చెప్పదలచినవారు 'నివాళి' అంటారు. నివాళి అని చెప్పి అమ్మేవారితో పేచీ లేదు. కాని ఆ బండి రెండు మూడు చేతులు మారిన తరువాత ఆ మాట చెప్పేవారు ఉండరు.

మోసాన్ని పట్టటానికి బండి మీద చెక్కిన సంఖ్య ఉన్నది కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. ఫోర్డ్ సంస్థ ఆ సంఖ్యలో ఏ ఇంజను బిగించారో తెలిపే అక్షరాన్ని చేర్చేది. షెవర్లే అలా చేయలేదు. 1967 కమేరో సంఖ్య 123తో మొదలైతే ఆరు సిలిండర్ల బండి. 124తో మొదలైతే వి-8 బండి. అంతకుమించి ఏమీ తెలియదు. 210 అశ్వశక్తుల సాధారణ వి-8కూ, జెడ్/28కూ, 375 అశ్వశక్తుల భారీ ఇంజను గల దానికీ అదే 124. కనుక సాదా వి-8 బండికి గొప్ప బండి వేషం వేస్తే ఆ సంఖ్య నోరు మెదపదు. ఆరు సిలిండర్ల బండిని మాత్రం అది పట్టిస్తుంది. అయినా ఆ బండికి రక్షణ కరువే. అమ్మి లాభపడే ఉద్దేశం లేకుండా, కేవలం ఆ గర్జన వినాలన్న ముచ్చటతో ఇంజను పీకించేవారు ఎందరో ఉన్నారు. పీకిన పాత ఇంజను షెడ్డు మూలన కొంతకాలం పడి ఉండి, ఒకనాడు పాత ఇనుములోకి పోతుంది.

తెర కూడా తన వంతు చేసింది. 1979 నుంచి 1985 వరకు సాగిన 'ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' అనే టెలివిజన్ ధారావాహికలో నారింజరంగు డాడ్జ్ చార్జర్ గోతుల మీదుగా గాలిలోకి ఎగిరేది. ఎగిరిన ప్రతిసారీ కింద పడేది కూడా! ఆ చిత్రీకరణ కోసం సుమారు మూడు వందల చార్జర్లను వినియోగించారని లెక్క. మిగిలిన చార్జర్లలో ఎన్నిటికి అభిమానులు అదే నారింజరంగు పూసుకున్నారో ఎవరు లెక్కించగలరు?

2023 ఆగస్టులో మా అమ్మాయి వద్ద మిషిగన్ రాష్ట్రంలో ఉన్నప్పుడు, డెట్రాయిట్ నగరానికి ఉత్తరంగా పాంటియాక్ పట్టణం వరకు సాగే వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల ఊరేగింపు చూశాను. 1995 నుంచి ఏటా జరిగే ఉత్సవం అది. ఆ రహదారికి తగిన వేడుకే. 1909లోనే అక్కడ ఒక మైలు పొడవున కాంక్రీటు పరచారు. 1960లలో యువకులు రాత్రివేళల్లో పందేలు వేసుకున్నదీ ఆ దారిలోనే. మన రథోత్సవం వలె జనం ఇరుపక్కలా మడత కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. గుండెలు అదిరే ధ్వని. కాలిన పెట్రోలు వాసన.

ఒక దుకాణం ముందున్న ఖాళీ స్థలంలో లేత నీలిరంగు కమేరో ఒకటి ఆగి ఉన్నది. చారలు లేవు, బిళ్లలు లేవు; చక్రాలకు చిన్న గిన్నెల వంటి మూతలు. పక్కనే ఒక వృద్ధుడు కూర్చొని ఉన్నాడు. అటూ ఇటూ ఉన్న కార్ల చుట్టూ జనం మూగారు గాని, దీని దగ్గర ఎవరూ లేరు. లోపలికి తొంగిచూస్తే మన పాత అంబాసిడర్‌లో వలె గేరు కర్ర స్టీరింగు కింద కనిపించింది. నా ముఖంలో సంతోషం చూసి కాబోలు, ఆయన లేచి వచ్చి బానెట్ ఎత్తి చూపించాడు. విశాలమైన ఆ గదిలో సన్నగా, నిటారుగా ఆరు సిలిండర్ల ఇంజను ఒక్కటే నిలబడి ఉన్నది. చుట్టూ ఉన్న ఖాళీలో మనిషి దిగి నిలబడవచ్చు.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఆయన తల్లి 1967లో తన సొంత జీతంతో కొనుక్కున్న కారట అది. రాత్రి విధులకు ఒంటరిగా వెళ్లి రావటానికి ఆమెకు కావలసింది మొరాయించని బండి. గర్జించే బండి కాదు. ఆ ప్రాంతంలో చలికాలమంతా మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఎన్నో కార్లను అడుగు నుంచి తినివేసింది. ఆమె ప్రతి వారమూ బండి అడుగుభాగం కడిగేదట.

"ఇక్కడ ఆగినవారు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. ఇంజను ఎప్పుడు మారుస్తావు అని" అన్నాడు ఆయన. "ఇంజను నీవే ఉంచుకో, పైడొల్ల ఇస్తే చాలు అన్నవారు కూడా ఉన్నారు."

"మీ తరువాత?" అని అడిగాను. అడగదగిన ప్రశ్న కాదేమో గాని, నోట వచ్చింది.

"మా మనుమడికి ఇస్తాను. వాడికి బండి అంటే ప్రాణం. ఏ ఇంజను పెట్టాలో కూడా ఇప్పటికే చూసి పెట్టుకున్నాడు" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు.

నేను ఆ మనుమడి పక్షాన కూడా ఆలోచించి చూశాను. అతని వాదం కొట్టివేయదగినది కాదు. మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టటం తప్పయితే, 1964లో పాంటియాక్ ఇంజనీర్లు చేసినది కూడా అదే కదా! పైగా 1960ల నడుమ నాటి సాదా కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఒక గొట్టం పగిలితే నాలుగూ పోయేవి. నేటి రహదారుల మీద పిల్లలను ఎక్కించుకొని తిరిగేవాడు మంచి బ్రేకులు వేయించుకుంటే కాదనటం మూర్ఖత్వం. బ్రేకులు మార్చటాన్నీ, బండి పుట్టుపూర్వోత్తరాలనే మార్చటాన్నీ నేను ఒకే గాటన కట్టను. సొంత వస్తువును తనకు నచ్చినట్లు మార్చుకునే హక్కు ఎవరికైనా ఉన్నది. 1970లలో ఒక కమేరోకు ఇంజను మారిస్తే, వేలకొలది కమేరోలు ఇంకా మిగిలి ఉండేవి. అప్పుడు అది ముచ్చట. ఇప్పుడు, ఆ నర్సు కొనుక్కున్న కారు ఎటువంటిదో చూపటానికి మిగిలినవి కొద్దిపాటివే అయినప్పుడు, అదే పని మరొకటి అవుతుంది. ఆ కాలంలో గర్జించే కార్లు తయారయ్యాయని చెప్పటానికి సాక్ష్యాలకు కొరత లేదు. ఒక ఉద్యోగిని తన జీతంతో ఏమి కొనగలిగింది, దానితో ఎలా సరిపెట్టుకున్నది అని చెప్పగల సాక్ష్యాలే తరిగిపోతున్నాయి.

చెక్కుచెదరని పాతదనానికి విలువ లేదని కూడా అనలేము. 1968లో వచ్చిన 'బుల్లిట్' చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ చాలా ఏళ్లపాటు ఒక కుటుంబం ఇంట్లో మామూలు వాడుకలో ఉన్నది. 2020 జనవరిలో దానిని వేలానికి తెచ్చినప్పుడు రంగు వెలిసి, అక్కడక్కడ తుప్పుపట్టి ఉన్నది. ఎవరూ దానికి మెరుగు పెట్టలేదు. రుసుములతో కలిపి సుమారు 37 లక్షల డాలర్లకు అది అమ్ముడుపోయింది. ఆ తుప్పు కూడా చరిత్రేనని కొన్నవారికీ చూసినవారికీ తెలుసు. సినిమా నటుడి చేయి తగిలిన తుప్పుకు దక్కిన గౌరవం నర్సు కడిగి కాపాడిన రేకుకు దక్కదు. అమెరికా పురాతన వాహనాల సంఘం మార్పులు చేయని కార్ల కోసం తన ప్రదర్శనల్లో ప్రత్యేక తరగతి ఏర్పాటు చేసింది. అది మంచి ప్రయత్నం. కాని తరగతి తెరచినంత మాత్రాన బండ్లు వచ్చి చేరవు. బాగుచేయించిన సొమ్ములో సగమైనా తిరిగి రాదని తెలిసి కూడా సాదా బండిని సాదాగా ఉంచేవారు కావాలి.

మరునాడు మా అమ్మాయి నన్ను డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకువెళ్లింది. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ సంస్థ మస్టాంగ్‌ను 2,368 డాలర్ల ధరకు లోకానికి పరిచయం చేసింది. ఆ ధరకు వచ్చేది 101 అశ్వశక్తుల ఆరు సిలిండర్ల బండి. రైలింగు అవతల నిలిపిన తెల్లని మస్టాంగ్ వరుసలో మొట్టమొదటి సంఖ్య పొందినది. ఆ సంఖ్య 5ఎఫ్08ఎఫ్100001. అందులో రెండవ 'ఎఫ్' ఇంజనును సూచించే అక్షరం. 260 ఘనపుటంగుళాలు, వి-8.